బడిలో లేరు, పనిలో లేరు: శ్రీసిటీ నుంచి చూసిన ఒక లెక్క చరిత్ర

పరిచయం

ఈ భాగంలో మనం ఒక లెక్క చరిత్రను చదువుతాం. చదువులోనూ, పనిలోనూ, ఏ శిక్షణలోనూ లేని యువతీయువకుల లెక్క అది. పత్రికల్లో దీన్ని 'నీట్' అని రాస్తున్నారు. ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు కలిపి చేసిన పేరు. అర్థశాస్త్ర విద్యార్థులు దీన్ని ఒక సూచికగా నేర్చుకుంటారు. చరిత్ర విద్యార్థులు అడగవలసిన ప్రశ్న వేరు. ఒక మనిషి 'పనిచేయనివారి' గడిలోకి ఎప్పుడు, ఎవరి చేతుల మీదుగా, ఏ ప్రశ్నకు ఇచ్చిన జవాబు వల్ల చేరుతున్నారు? గడచిన 140 ఏళ్ళలో ఆ ప్రశ్న చాలాసార్లు మారింది. మారినప్పుడల్లా లక్షల మంది ఒక గడి నుంచి మరో గడికి వెళ్ళారు. వారిలో ఎక్కువమంది చేస్తున్న పని మాత్రం మారలేదు.

ఉదాహరణకు శ్రీసిటీని తీసుకుందాం. తిరుపతి జిల్లా సత్యవేడు, వరదయ్యపాలెం మండలాల్లో ఉన్న ఈ పారిశ్రామిక నగరం నిరుద్యోగం, యువత, మహిళల ఉపాధి అనే మూడు చర్చల్లోనూ వినిపిస్తూ ఉంటుంది. మీలో కొందరు అక్కడ షిఫ్టు ముగించుకుని రాత్రిపూట ఈ పుస్తకం తెరుస్తున్నారని కూడా నాకు తెలుసు. కాబట్టి ఈ పాఠంలోని అంకెల్లో మీరూ ఉన్నారు.

ఊరు ఉన్నచోటే ఉంది

ముందు స్థలం గురించి కొంత తెలుసుకోవాలి. సత్యవేడు ప్రాంతం 1951 జనగణన నాటికి మద్రాసు రాష్ట్రంలో, చెంగల్పట్టు జిల్లాలో ఉండేది. ఆంధ్ర, మద్రాసు రాష్ట్రాల మధ్య సరిహద్దు వివాదాన్ని పటాస్కర్ పరిష్కరించిన మీదట 1959లో పార్లమెంటు చట్టం చేసింది. 1960 ఏప్రిల్ 1 నుంచి తిరుత్తణి అటు వెళ్ళింది, సత్యవేడు ఇటు వచ్చింది. అందువల్ల 1961 జనగణనలో ఇది ఆంధ్రప్రదేశ్, చిత్తూరు జిల్లా కింద కనిపిస్తుంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజనతో తిరుపతి జిల్లాలోకి వచ్చింది. ఒకే ఊరి వందేళ్ళ లెక్క కావాలంటే మూడు జిల్లాల పుస్తకాలు తిరగెయ్యాలి. పైగా 2021లో జరగవలసిన జనగణన జరగలేదు. కర్మాగారాలు నిండుగా పనిచేయడం మొదలుపెట్టిన తరువాత ఈ పల్లెల్లో ఇంటింటికీ తిరిగి వృత్తులు రాసుకున్న జనగణన ఇంకా మన చేతికి రాలేదని గుర్తుపెట్టుకోండి. ఆఖరిది 2011 నాటిది.

ఇది మెట్ట భూములు, చెరువుల కింది కయ్యలు కలిసిన ప్రాంతం. వరి, శెనక్కాయ, మామిడి, గొడ్లు, కూలిపని. చెన్నై యాభై అరవై కిలోమీటర్ల దూరంలోనే ఉంది గనుక వలసపోవడం కొత్తేమీ కాదు. 2006 ప్రాంతంలో ఇక్కడ ప్రత్యేక ఆర్థిక మండలి కోసం భూసేకరణ మొదలైంది. 2008 ఆగస్టు 8న అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి శ్రీసిటీని ప్రారంభించారు. 2013లో ట్రిపుల్ ఐటీ వచ్చింది. 2015 ఆగస్టులో ఫాక్స్‌కాన్ కర్మాగారంలో షియోమీ ఫోన్ల తయారీ మొదలైంది. 2016 ఏప్రిల్‌లో క్యాడ్‌బరీ చాక్లెట్లు చేసే మోండలీజ్ కర్మాగారం, ఇసుజు వాహనాల కర్మాగారం ప్రారంభమయ్యాయి. ఇవన్నీ దినపత్రికల్లో చదివినవే కాబట్టి వీటి మీద ఎక్కువసేపు ఆగనక్కర లేదు. మనకు కావలసింది ఫోన్ల కర్మాగారంలో బల్లల ముందు కూర్చున్నవారిలో అత్యధికులు ఇరవై ఏళ్ళు అటూ ఇటూగా ఉన్న ఆడపిల్లలన్న విషయం. అంతకుముందు ఏడాది దాకా వాళ్ళు ఏ గడిలో ఉన్నారు?

'పని' అనే మాటకు పట్టికల్లో అర్థం

మద్రాసు రాజధానిలో మొదటి సమగ్ర జనగణన 1871లో జరిగింది. దేశమంతటా ఒకే కాలంలో, పదేళ్ళకొకసారి జరిపే పద్ధతి 1881తో స్థిరపడింది. ఆ ఏడాది వృత్తుల వర్గీకరణకు ఇంగ్లండు పద్ధతినే దిగుమతి చేసుకున్నారు. అందులో చివరి తరగతి పేరు 'అనిర్దిష్టులు, ఉత్పాదకులు కానివారు'. ఇంగ్లండులో కూడా అదే ఏడాది ఇంటిపని చేసే భార్యలను 'వృత్తి లేనివారి' కిందికి మార్చారు. అంతకు ముప్పై ఏళ్ళ ముందు, 1851లో, వాళ్ళకు ఆ పట్టికలో ఒక వృత్తిస్థానం ఉండేది. నాగలి, కుమ్మరిసారె, మగ్గం అన్నీ ఇంటి ఆవరణలోనే నడిచే మన దేశానికి ఆ కొలత ఎంతవరకు అతుకుతుందని అప్పటి అధికారులకే సందేహాలుండేవి.

తరువాతి దశాబ్దాల్లో మాటలు మారుతూ వచ్చాయి. 1901లో జనాన్ని పనిచేసేవారు, వారి మీద ఆధారపడినవారు అని విడదీశారు. 1931లో సంపాదించేవారు, పనిచేసే ఆధారితులు, పనిచేయని ఆధారితులు అని మూడు చేశారు. 'పనిచేసే ఆధారితులు' అన్న మాట నాకు ఇప్పటికీ ఇష్టం. కయ్యలో నాటువేసే కోడలు పని చేస్తుంది, కాని చేతికి డబ్బు రాదు అన్న సంగతిని ఆ రెండు పదాలు ఒప్పుకున్నాయి. 1951లో మళ్ళీ మార్చి స్వయంపోషకులు, సంపాదించే ఆధారితులు, సంపాదించని ఆధారితులు అన్నారు. ఈసారి కొలబద్ద పూర్తిగా డబ్బే.

ఇదే కాలంలో అమెరికాలో ఇంకో మార్పు జరిగింది. 1930ల ఆర్థిక మాంద్యంలో 'నీ వృత్తి ఏమిటి' అని అడిగితే వడ్రంగి 'వడ్రంగినే' అని చెప్పేవాడు, పని పోయి రెండేళ్ళయినా సరే. నిరుద్యోగుల సంఖ్య తేలేది కాదు. అందుకని 1940 జనగణనలో ప్రశ్నను ఒక వారానికి కుదించారు. ఆ వారంలో పని చేశావా, లేకపోతే పని కోసం వెతికావా? పనిచేసినవారు, వెతికినవారు కలిస్తే శ్రామిక శక్తి. రెండూ లేనివారు శ్రామిక శక్తికి వెలుపల ఉన్నవారు. ఈ 'వెలుపల' అనే చోటు అప్పుడే పుట్టిందని చెప్పవచ్చు. నెల జీతాలు, వారం కూలీలు ఉన్న సమాజంలో ఆ ప్రశ్న చక్కగా పనిచేసింది. 1954లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఆధ్వర్యంలో సమావేశమైన గణాంక నిపుణులు ఈ చట్రాన్ని అన్ని దేశాలకూ సిఫారసు చేశారు.

1971: ఒక ఫారం, ఒక తిన్నె

మన దేశంలో 1961 జనగణన ఉదారంగా అడిగింది. సాగు, పశుపోషణ వంటి కాలానుగుణమైన పనుల్లో, ఆ పని కాలంలో ఎక్కువ భాగం రోజుకు ఒక గంటకు మించి క్రమంగా పనిచేస్తే చాలు, ఆ మనిషి పనిచేసేవారి లెక్కలోకి వచ్చేవారు. 1971లో ప్రశ్న తిరగబడింది. మొదట 'ప్రధానంగా ఏం చేస్తారు?' అని అడగాలి. ప్రధానం ఇంటిపని అంటే ఆ మనిషి పనిచేయనివారి కిందికి, 'గృహవిధులు' అనే ఉపవర్గంలోకి వెళ్తారు. పక్కన చేసే పని రెండో వరుసలో పడుతుంది. ఫలితం చూడండి. దేశంలోని మహిళల్లో పనిచేసేవారు 1961లో దాదాపు 28 శాతం, 1971లో 12 శాతం. తరువాత జరిపిన పునఃపరిశీలనతో సవరించినా అది 14 శాతం దగ్గరే ఆగింది. పదేళ్ళలో దేశంలోని పనిచేసే ఆడవాళ్ళలో సగంమంది పనిమానేసి ఇంట్లో కూర్చున్నారంటే నమ్మగలమా?

ఆ సంవత్సరం నాకు పదకొండేళ్ళు. మా నాన్నగారు చిత్తూరు జిల్లా తూర్పు వైపు ఒక పల్లెలో ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులు. ఉపాధ్యాయులే గణకులు కాబట్టి మార్చి నెలలో సాయంత్రాలు ఇంటింటికీ తిరిగేవారు. ఫారాల సంచి మోయడానికి నేను వెంట వెళ్ళేవాణ్ణి. మార్చి అంటే మా వైపు చింతపండు కాలం. ఏ తిన్నె చూసినా ఆడవాళ్ళు చింతపండు కొడుతూ ఉండేవారు. పెంకు తీసి, రాతి మీద పెట్టి కొట్టి, గింజలు వేరుచేసి, చింతపండు తూకం వేసి ఇచ్చి కూలి తీసుకోవడం. అట్లాంటి ఒక ఇంటి ముందు మా నాన్న ఆగి, ఇంటాయనను వివరాలు అడిగారు. ఆయన వయసు, సేద్యం అన్నీ చెప్పాడు. భార్య దగ్గరికొచ్చేసరికి, "అది ఏం జేస్తాది సార్, ఇంట్లోనే ఉంటాది" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు రాతి మీద చప్పుడు ఆగలేదు. ఆమె తల ఎత్తలేదు కూడా. మా నాన్న 'గృహవిధులు' అని రాశారు.

నిజానికి ఆయన తప్పేమీ చేయలేదు. సూచనల పుస్తకం ఎట్లా చెప్పిందో అట్లాగే రాశారు. ఆ రాత్రి భోజనాల దగ్గర మా అమ్మ, "నా గురించి ఏం రాసినారు?" అని అడిగింది. మాకు రెండు బర్రెలుండేవి. తెల్లవారి పాలు పితికి హోటలుకు పోయించడం, గడ్డి కోసుకురావడం, పిడకలు చేయడం అంతా ఆమెదే. మా నాన్న జీతం ఆలస్యమైన నెలల్లో మా స్కూలు ఫీజు ఆ పాల డబ్బులోనుంచే వెళ్ళేది. "ఇంటిపని అని రాసినాను, ప్రధానంగా అనే కదా అడగమన్నారు" అన్నారాయన. మా అమ్మ నవ్వి ఊరుకుంది. చాలా ఏళ్ళ తరువాత పరిశోధనకని జనగణన సంపుటాలు ముందేసుకుని, 1961కీ 1971కీ మధ్య ఆ అగాధం చూసినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఆ తిన్నె మీది చప్పుడే.

ఈ అగాధాన్ని దేశంలో ఊరికే వదిలేయలేదు. మహిళల స్థితిగతులపై ఏర్పాటైన కమిటీ 1974లో ఇచ్చిన 'సమానత్వం దిశగా' నివేదిక పనిలో ఆడవాళ్ళ వాటా తగ్గుతూ రావడాన్ని చర్చకు తెచ్చింది. 1981 జనగణనలో ఏడాది మొత్తాన్ని లెక్కకు తీసుకుని, 183 రోజులకు తక్కువ కాకుండా పనిచేసినవారిని ప్రధాన కార్మికులని, అంతకు తక్కువైతే ఉపాంత కార్మికులని విడదీశారు. 1991లో 'ఇంటి పొలంలో, కుటుంబ వ్యాపారంలో జీతం లేకుండా చేసే పనితో సహా' అన్న మాటలను ప్రశ్నలోనే చేర్చారు. ఒక వాక్యం కలిపితే ఎంతమంది తిరిగి కనిపిస్తారో అప్పుడు తెలిసింది. 2011 నాటికి దేశంలో మహిళల పని భాగస్వామ్యం 25.5 శాతం, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 36 శాతం. మన ఆడవాళ్ళు దేశ సగటు కంటే ఎక్కువగా పనిలో ఉన్నారన్నది శ్రీసిటీ రాకముందు నుంచీ ఉన్న సంగతేనని ఇక్కడ గమనించాలి.

రెండంకెల సంకేతాలు

జనగణన పదేళ్ళకొకసారి వస్తుంది. మధ్యలో సంగతులు తెలుసుకోవడానికి 1950లో మహలనోబిస్ నాయకత్వంలో జాతీయ నమూనా సర్వే మొదలైంది. నిరుద్యోగాన్ని ఒక్క అంకెతో కొలవలేమని దంత్‌వాలా కమిటీ 1970లో చెప్పిన మీదట, 1972-73లో 27వ విడతతో ఉపాధి, నిరుద్యోగ సర్వేలు కొత్త రూపంలో వచ్చాయి. 2017-18 నుంచి వీటి స్థానంలో ఏటేటా జరిగే శ్రామిక శక్తి సర్వే వచ్చింది. పోటీ పరీక్షల పుస్తకాల్లో మీరు చూసే 'పీఎల్ఎఫ్ఎస్' ఇదే.

ఈ సర్వేలో ప్రతి మనిషికీ ఒక సంకేతం ఇస్తారు. సొంతంగా పనిచేసుకునేవారికి 11, కుటుంబ సేద్యంలో లేదా వ్యాపారంలో జీతం లేకుండా సాయపడేవారికి 21, నెలజీతం వారికి 31, రోజుకూలీలకు 51. పని లేక వెతుకుతున్నవారికి, దొరికితే చేయడానికి సిద్ధంగా ఉన్నవారికి 81. ఇంతవరకు శ్రామిక శక్తి. ఇక వెలుపల ఉన్నవారిలో విద్యార్థులకు 91, ఇంటిపని మాత్రమే చేసేవారికి 92, ఇంటిపనితో పాటు కట్టెలు, మేత, కూరగాయల వంటివి ఇంటి వాడకానికి తెచ్చుకోవడం, కుట్టుపని వంటివి చేసేవారికి 93. పింఛనుదారులకు 94, వైకల్యం వల్ల పనిచేయలేనివారికి 95, మిగిలినవారికి 97.

21కీ 93కీ మధ్య గీత ఎంత సన్నమో ఆలోచించండి. మేత కోసి బర్రెకు వేసి, ఆ పాలు కేంద్రంలో పోస్తే 21 అని రాయవచ్చు. అదే మేత, అదే బర్రె, పాలు ఇంట్లో పిల్లలు తాగితే? ఒక్కోసారి ఆ గీత సర్వే చేసే మనిషి ఓపిక మీద, ఇంట్లో జవాబు చెప్పేది ఎవరన్న దాని మీద ఆధారపడుతుంది. గ్రామీణ మహిళల్లో 15 ఏళ్ళు దాటినవారి శ్రామిక భాగస్వామ్యం 2004-05లో 49.4 శాతం, 2011-12లో 35.8, 2017-18లో 24.6. తరువాత పెరిగి 2023-24లో 47.6. ఇరవై ఏళ్ళలో సగానికి దిగి, మళ్ళీ దాదాపు మొదటి చోటికి వచ్చింది. చదువుకునే ఆడపిల్లలు పెరగడం, పొలాల్లోకి యంత్రాలు రావడం, పల్లెల్లో ఇతర పనులు లేకపోవడం అని దిగడానికి కారణాలు చెప్పారు. పెరిగిన భాగంలో ఎక్కువ స్వయంఉపాధి, అందులోనూ జీతం లేని కుటుంబ సాయం అన్నది సర్వేలోనే కనిపిస్తుంది. అది నిజంగా కొత్త పనా, పాత పనికి కొత్త సంకేతమా అన్న వాదన ఆర్థికవేత్తల మధ్య నడుస్తూనే ఉంది. నా మటుకు నాకు రెండూ కొంత కొంత నిజమనిపిస్తుంది.

2019లో జరిగిన సమయ వినియోగ సర్వే ఈ విషయాన్ని ఇంకో దారిలో పట్టుకుంది. మనిషి ఏం పని చేస్తాడని అడగకుండా, నిన్న ఏ అరగంటలో ఏం చేశారని అడిగింది. జీతం లేని ఇంటిపని చేసే మహిళలు రోజుకు సగటున 299 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నారని, ఆ పని చేసే పురుషులు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేలింది. 92 అనే సంకేతం వెనుక దాదాపు అయిదు గంటలున్నాయి.

సున్నా హోదా

ఇప్పుడు కాసేపు వేల్స్‌కు వెళ్ళాలి, ఎందుకంటే 'నీట్' మూలం అక్కడ ఉంది. 1988లో బ్రిటిష్ ప్రభుత్వం 16, 17 ఏళ్ళ పిల్లల్లో అత్యధికులకు నిరుద్యోగ కాలపు భృతిని ఆపేసింది. భృతి తీసుకునేవారినే నిరుద్యోగులుగా లెక్కపెడుతున్నారు గనుక ఆ వయసు పిల్లలు నిరుద్యోగుల లెక్కలో నుంచి మాయమయ్యారు. దక్షిణ గ్లమోర్గన్‌లో పరిశోధకులు వృత్తి సలహా కేంద్రాల దస్త్రాలు తిరగేస్తే, చదువుతున్నవారికి 1, శిక్షణలో ఉన్నవారికి 2, ఉద్యోగంలో ఉన్నవారికి 3 అని హోదాలుండేవి. ఏదీ కానివారికి సున్నా. 1994లో వెలువడిన ఆ అధ్యయనంలో వాళ్ళను 'సున్నా హోదా' యువత అన్నారు. ఆ పేరు చేదుగా ఉందని తరువాత మార్చారు. 1999లో ప్రభుత్వ నివేదిక ఒకటి 'చదువు, ఉద్యోగం, శిక్షణ లేనివారు' అన్న మాటను స్థిరపరిచింది. 2004 నాటికి జపాన్‌లో అదే మాట సోమరి కుర్రవాళ్ళన్న అర్థంలో వాడుకలోకి వచ్చింది. అక్కడ ఆ లెక్కలో గృహిణులను చేర్చరు. 2015లో ఐక్యరాజ్యసమితి సుస్థిర అభివృద్ధి లక్ష్యాల్లో 8.6గా ఈ సూచికకు చోటు దొరికింది. వయసు 15 నుంచి 24.

వేల్స్‌లో ఈ మాట పుట్టినప్పుడు దాని ముఖం వీధి మూలన నిలబడిన పదహారేళ్ళ పిల్లలది. జపాన్‌లో తలుపేసుకున్న గదిలోని యువకుడిది. ఇక్కడికి వచ్చేసరికి అది ఎవరి ముఖం? అంతర్జాతీయ కార్మిక సంస్థ, మానవాభివృద్ధి సంస్థ కలిసి 2024లో ప్రచురించిన భారత ఉపాధి నివేదిక ప్రకారం, 2022లో చదువు, పని, శిక్షణ లేని యువతుల వాటా 48.4 శాతం, యువకుల వాటా 9.8 శాతం. అంటే మన 'నీట్' యువతలో ఎక్కువమంది టీకొట్టు దగ్గర లేరు. ఇళ్ళలో ఉన్నారు. టీకొట్టు దగ్గరి కుర్రాణ్ణి గురించి వచ్చిన వ్యాసాలూ ఉపన్యాసాలూ ఒక పక్క, ఇంట్లోని అమ్మాయిని గురించి వచ్చినవి ఇంకో పక్క పెట్టి తూచండి.

మరో విషయంలో విద్యార్థులు తరచూ పొరబడతారు. నిరుద్యోగ రేటు, నీట్ వాటా ఒకటి కావు. 15 నుంచి 29 ఏళ్ళ వారిలో నిరుద్యోగ రేటు 2017-18లో 17.8 శాతం, 2023-24లో 10.2. ఇది శ్రామిక శక్తిలో ఉన్నవారిలో పని దొరకనివారి వాటా. పని వెతకడం మానేసిన అమ్మాయి దీనిలో హారంలోనూ ఉండదు, లవంలోనూ ఉండదు. నీట్ వాటాలో మాత్రం 81, 92, 93, 97 అందరూ కలుస్తారు.

బస్సు వచ్చిన తరువాత

ఆదివారపు కౌన్సెలింగ్ తరగతుల్లో పాఠం చెప్పేటప్పుడు శ్రీసిటీలో పనిచేసి వచ్చే విద్యార్థినులను చాలామందిని చూశాను. వారిలో ఒకామె కథను, గుర్తుపట్టే వివరాలు తీసేసి, ఆమె అనుమతితో ఇక్కడ వాడుకుంటున్నాను. ఇంటర్ పాసయ్యాక డిగ్రీకి పట్నం పంపడం ఇంట్లోవాళ్ళకు ఇష్టం లేక రెండేళ్ళు ఊళ్ళోనే ఉంది. ఆ రెండేళ్ళలో ఏం చేశావమ్మా అంటే "ఖాళీగానే ఉన్నాను సార్" అంది. ఇంకాస్త అడిగితే బయటికొచ్చింది: రెండు బర్రెలు, పాల కేంద్రం, నాన్నమ్మకు పక్షవాతం, శెనక్కాయ పెరికే రోజుల్లో కయ్యలోకి. తరువాత ఊరి మలుపు దాకా కంపెనీ బస్సు రావడం మొదలైంది. ఒక వీధిలోని నలుగురు ఆడపిల్లలు కలిసి వెళ్తామంటే ఇళ్ళలో ఒప్పుకున్నారు. నాలుగేళ్ళు ఫోన్ల కర్మాగారంలో పనిచేసింది. తమ్ముడి పాలిటెక్నిక్ ఫీజు, ఇంటికి సిమెంటు కప్పు, కొంత బంగారం. పెళ్ళి, తరువాత బిడ్డ. బస్సు అత్తగారి ఊరికి రాదు. ఇప్పుడు బిడ్డ నిద్రపోయాక మన పుస్తకాలు చదువుతోంది.

ఆమె బతుకును సంకేతాల్లో రాస్తే 92, 31, మళ్ళీ 92. మొదటి రెండేళ్ళు సర్వే ఆమె ఇంటికి వచ్చి, ఎవరైనా పాల సంగతి చెప్పి ఉంటే అక్కడ 21 ఉండేది. ఇప్పుడు ఆమె డిగ్రీ చదువుతున్నా, ఏడాదిలో ఎక్కువ కాలం దేనికి పోతుందన్నదే కొలత గనుక 92 పడే అవకాశమే ఎక్కువ. ఆరేడేళ్ళలో చదువూ పనీ లేని మనిషిగా ఆమె రెండుసార్లు లెక్కకొచ్చింది. రెండుసార్లూ చేతినిండా పని ఉంది.

ఈ లెక్కకు ప్రాణం మీదికి వచ్చే విలువ ఉంది, ఎందుకంటే పథకాలు సంకేతాలను చూసి తయారవుతాయి. 81 కనిపిస్తే నైపుణ్య శిక్షణ కేంద్రం పెడతారు. 92 కనిపిస్తే ఏం పెట్టాలి? ఈమెకు శిక్షణ లోటు లేదు, నాలుగేళ్ళ అనుభవం ఉంది. కావలసింది అత్తగారి ఊరి మలుపు దాకా ఒక బస్సు, బిడ్డను చూసుకునే ఒక చోటు. ముప్పై మందికి మించి మహిళలు పనిచేసే కర్మాగారంలో శిశుసంరక్షణ గది ఉండాలని 1948 కర్మాగారాల చట్టమే చెప్పింది. కాని ఇరవై కిలోమీటర్ల అవతల నుంచి, తెల్లవారుజామున బయలుదేరే బస్సులో ఏడాది బిడ్డను ఎత్తుకెళ్ళడం ఎట్లా? 2019లో రాష్ట్ర శాసనసభ పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకని చట్టం చేసింది. ఆ చట్టం గేటు లోపలికి వచ్చినవారిని లెక్కపెడుతుంది. గేటు దాకా రాలేనివారి లెక్క దానిలో లేదు. ఇటీవలి శ్రామిక శక్తి సర్వేల్లో, పనికి ఎందుకు రాలేదన్న కారణం కూడా అడుగుతున్నారు. మంచి మార్పు. అయితే ఆ వార్షిక నివేదికల్లో అంకెలు రాష్ట్రాల వారీగా ఉంటాయి. సత్యవేడు మండలంలో ఎంతమంది అమ్మాయిలు ఏ మలుపు దగ్గర ఆగిపోయారో అవి చెప్పవు.

మగపిల్లల సంగతి క్లుప్తంగా చెబుతాను. ఐటీఐ చదివి, ఆరు నెలల కాంట్రాక్టు పని అయిపోయి, మళ్ళీ పిలుపు కోసం చూస్తున్న కుర్రాడు ఒక త్రైమాసికంలో 31, ఇంకోదానిలో 81. కానిస్టేబుల్ పరీక్షకో గ్రూప్స్‌కో ఇంట్లో చదువుకుంటున్నవాడికి ఏ సంకేతం పడుతుందో అతని జవాబును బట్టి ఉంటుంది. మా తరంలో ఉపాధి కల్పన కార్యాలయంలో పేరు నమోదు చేసుకుని, మూడేళ్ళకొకసారి కార్డు రెన్యువల్ చేయించుకునేవాళ్ళం. ఎమ్మే అయ్యాక నేనూ ఏడాదిన్నర ఆ కార్డుతో తిరిగాను. ఆ కార్డు ఉన్నంతకాలం ప్రభుత్వ లెక్కలో నేను నిరుద్యోగిని, అంటే ఏదో ఒక గడిలో ఉన్నవాణ్ణి. మా చెల్లెలు అదే ఏడాది డిగ్రీ పూర్తిచేసి ఇంట్లో ఉంది. ఆమెకు కార్డు తీయాలని మాలో ఎవరికీ తోచలేదు.

అభ్యాసం

మీ ఇంట్లో గానీ పక్కింట్లో గానీ 15 నుంచి 29 ఏళ్ళ మధ్య ఉన్న ఒకరిని ఎంచుకోండి. 'ఖాళీగా ఉంది', 'ఖాళీగా ఉన్నాడు' అని అందరూ అనే మనిషి అయితే మరీ మంచిది. ముందు ఇంటి పెద్దను అడిగి, ఆ మనిషి గడచిన ఏడు రోజుల్లో ఏం చేశారో రాసుకోండి. తరువాత ఆ మనిషినే విడిగా కూర్చోబెట్టి, గంట గంటకూ ఏం చేశారో అడిగి ఇంకో కాగితం మీద రాయండి. రెండు కాగితాలకూ మొదట 1961 సూత్రంతో, తరువాత 1971 సూత్రంతో, చివర రెండంకెల సంకేతంతో జవాబు వేయండి. రెండు కాగితాలనూ వచ్చే ఆదివారం తరగతికి తీసుకురండి. పేర్లు రాయవద్దు.